మడత చాకు బ్లేడు పక్కకి వాలడం, అంచు ఒకవైపు వెడల్పుగా ఉండడం: రెండూ ఒకటే జబ్బు కాదు

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. కొత్తగా లైనర్ లాక్ మడత చాకు కొన్నారు, అంటే పిడి లోపలి లోహపు పలక (లైనర్)లో ఒక పట్టీ పక్కకి జరిగి, తెరిచిన బ్లేడు మూసుకోకుండా పట్టి ఉంచే రకం. బ్లేడు 9 సెంటీమీటర్లు ఉంటుంది. మూసి చూస్తే బ్లేడు పిడికి నట్టనడుమ లేదు, ఒక పక్కకి ఒరిగి ఉంది. తెరిచి చూస్తే అంచు మీద మెరిసే సన్న పట్టీ, అదే బెవెల్, ఒకవైపు సన్నగా, ఇంకోవైపు దానికి రెట్టింపు వెడల్పుగా ఉంది. పివట్ స్క్రూ, అంటే బ్లేడు తిరిగే ఇరుసు స్క్రూ, గట్టిగా బిగిస్తే బ్లేడు కాస్త నడుమకి వచ్చింది కానీ, ఇప్పుడు తెరవాలంటే రెండు చేతులూ కావాల్సి వస్తోంది. వెనక్కి పంపాలా, విప్పి సరిచేసుకోవాలా అన్నది మీ సందేహం.

ముందు ఆ స్క్రూ వదులు చేసి మొదట ఎక్కడుందో అక్కడికి తెచ్చేయండి. మిగతా సంగతి తర్వాత.

నేను హైదరాబాద్ బాలానగర్ టూల్‌రూముల్లో సర్ఫేస్ గ్రైండర్ మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. మడత చాకులు నా పిచ్చి. ఇంట్లో డ్రాయర్ నిండా ఉన్నాయి. చుట్టుపక్కల వాళ్ళ చాకులు కూడా వచ్చి చేరుతుంటాయి, సాన పట్టమని. అలా వచ్చేవాళ్ళలో చాలామంది మీలాగే ఈ రెండు లోపాల్నీ కలిపి చెబుతారు. అంచు వంకరగా అరగదీశారు కాబట్టి బ్లేడు వాలిందని కొందరు, బ్లేడు వాలింది కాబట్టి అంచు వంకరగా కనబడుతోందని ఇంకొందరు. మామూలుగా ఈ రెంటికీ సంబంధం ఉండదు. ఒకటి పివట్ దగ్గర పుట్టేది, ఇంకోటి కంపెనీలో బెల్టు గ్రైండర్ దగ్గర పుట్టేది. కాకపోతే ఒకటి ఇంకోదాన్ని ఉన్నదానికన్నా పెద్దగా చూపించగలదు. అందుకే స్క్రూ మీద చెయ్యి వేసేముందు, నిజంగా వాలింది ఏమిటో తేల్చుకోవాలి.

చాకు మూసి, బ్లేడు బయటికి వచ్చే సందు మీ కళ్ళకి ఎదురుగా ఉండేలా పట్టుకోండి. అక్కడ కనబడేది అంచు కాదు, బ్లేడు వీపు. మందమైన వైపు. అంచు లోపల, పిడి వెనక భాగం వైపు తిరిగి ఉంటుంది. మీ ఫోటోలో వెనక పలక లేదు, పిల్లర్లే ఉన్నాయి, కాబట్టి మీకు పని తేలిక. చాకుని తిప్పి వెనక నుంచి కూడా చూడండి, కింద తెల్ల కాగితం పెట్టి, వెలుతురు అటువైపు నుంచి వచ్చేలా. ఇటు నుంచి అంచు కనబడుతుంది. వీపు నడుమే ఉండి అంచు ఒక్కటే పక్కకి ఉంటే అది గ్రైండింగ్ లోపం, పివట్ తప్పేమీ లేదు. వీపూ అంచూ రెండూ ఒకే పక్కకి, పివట్ దగ్గర తక్కువగా, మొన దగ్గరికి పోయేకొద్దీ ఎక్కువగా జరిగి ఉంటే అది వాలు. పివట్ దగ్గర సరిగ్గా ఉండి సగం దూరం నుంచి వంపు తిరిగితే బ్లేడే వంగింది, హీట్ ట్రీట్‌మెంట్‌లో వచ్చే వంపు. ఆ మూడోది ఇంట్లో సరయ్యేది కాదు, నేరుగా వెనక్కి పంపండి.

మొన విషయంలో కళ్ళు ఇంకా మోసపోతాయి. చాలా బ్లేడులకి మొన దగ్గర వీపుని కూడా రెండు పక్కలా చెక్కి సన్నం చేస్తారు. ఆ చెక్కడం ఒకవైపు ఎక్కువైతే మొన పక్కకి జరిగినట్టే కనబడుతుంది. అందుకని మొనని చూసి తీర్పు ఇవ్వకండి. మొనకి ఒకటిన్నర సెంటీమీటరు ఇవతల, బ్లేడు పూర్తి మందం ఉన్న చోట చూడండి.

కళ్ళతో చూసింది చాలదు, కొలవాలి. సందులు కొలిచే సన్న రేకుల ఫీలర్ గేజ్ ఉంటే మంచిదే, లేకపోతే జిరాక్స్ కాగితం చాలు. మామూలు 80 జీఎస్‌ఎం కాగితం మందం ఇంచుమించు 0.1 మిల్లీమీటరు. వేలెడు వెడల్పు ముక్కలు కత్తిరించి, బ్లేడుకీ లైనర్‌కీ మధ్య ఒకవైపు ఎన్ని దూరతాయో, రెండోవైపు ఎన్ని దూరతాయో లెక్కపెట్టండి. బలవంతంగా కుక్కొద్దు, జారుతూ పోవాలి. ఒకవైపు 7, ఇంకోవైపు 11 పట్టాయనుకుందాం. తేడా 4 కాగితాలు, అంటే 0.4 మిల్లీమీటరు. నడుమ నుంచి బ్లేడు జరిగింది అందులో సగమే, 0.2.

ఇప్పుడు ఈ 0.2ని పివట్ దగ్గరికి తీసుకెళ్ళి చూడండి. మీరు కొలిచిన చోటు పివట్‌కి 90 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, బ్లేడుకీ లైనర్‌కీ మధ్య పివట్ చుట్టూ ఉండే పల్చటి బిళ్ళ, అదే వాషర్, 10 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటే దాని మీద ఆ వాలు 0.02 మిల్లీమీటరు అవుతుంది. వెంట్రుక మందంలో మూడో వంతు. వాషర్ కింద ఒక లుంగీ పోగు, ఎండిపోయిన గ్రీజు పొర, ఒక ఇసుక రేణువు ఉన్నా అంత వాలు వచ్చేస్తుంది. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, బ్లేడు వాలగానే చాకంతా నాసిరకం అని నిర్ణయించేసుకుంటారు. కంపెనీలో చాకు బిగించే మనిషి దగ్గర వెంట్రుకలో మూడో వంతు తేడా వస్తే, అది మొన దగ్గరికి వచ్చేసరికి మీ కంటికి ఆనేంత అవుతుంది. అంతే సంగతి.

బ్లేడు మూసేటప్పుడు లైనర్‌కి రాసుకుంటోందా? లైనర్ లోపలి ముఖం మీద మెరిసే గీత పడితే రాసుకుంటున్నట్టే. తెరిచి లాక్ పడ్డాక బ్లేడుని పక్కలకి కదిపితే ఆడుతోందా? ఈ రెండూ లేకపోతే ఆ వాలు వల్ల చాకు పనికి ఏ నష్టమూ లేదు. మామిడికాయ కోసినా, కొరియర్ డబ్బా కోసినా దానికి తెలియదు. మనసు ఊరుకోకపోతే మాత్రం చదవండి.

విప్పకుండా చేయగలిగిన పరీక్ష ఒకటి ఉంది, ముందు అది చేయాలి. లైనర్ లాక్‌లో లాక్ పట్టీ చివర చిన్న స్టీలు గుండు ఉంటుంది, డిటెంట్ బాల్ అంటారు. చాకు మూసినప్పుడు అది బ్లేడు మొదట్లో ఉన్న చిన్న గుంటలో కూర్చుని, బ్లేడు జేబులో తెరుచుకోకుండా ఆపుతుంది. ఆపేది పక్క నుంచి నొక్కే కదా. అంటే మూసి ఉన్నంతసేపూ లాక్ పట్టీ బ్లేడుని ఎదుటి పక్కకి తోస్తూనే ఉంటుంది. చాకు మూసి, బ్లేడు తెరుచుకోకుండా వీపుని ఒక వేలితో ఆనించి పట్టుకుని, ఇంకో చేత్తో లాక్ పట్టీని బ్లేడు నుంచి కొద్దిగా, అర మిల్లీమీటరు అంతే, పక్కకి లాగండి. లాగినప్పుడు బ్లేడు నడుమకి వచ్చి, వదలగానే మళ్ళీ పక్కకి పోతే కారణం దొరికినట్టే. అది లోపం కాదు, ఆ రకం లాక్ పనిచేసే తీరే అది. ఆ పట్టీని వంచి ఒత్తిడి తగ్గిద్దామని మాత్రం చూడకండి. వంచితే బ్లేడు నడుమకి వస్తుంది, కానీ చాకు జేబులో దానంతటది తెరుచుకుంటుంది. తెరిచినప్పుడు లాక్ కూడా సరిగ్గా పడకపోవచ్చు. నడుమ ఉండాలన్న ముచ్చట కోసం వేళ్ళు పణంగా పెట్టే పని అది.

లాగినా బ్లేడు కదలకపోతే అప్పుడు స్క్రూల సంగతి చూద్దాం. జేబుకి తగిలించే క్లిప్ బిగించిన స్క్రూలు ముందు చూడండి. క్లిప్ ఒకవైపు నుంచి ఇంకోవైపుకి మార్చినప్పుడు పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలోకి పోయి, లోపల లైనర్‌ని తోస్తూ ఉంటుంది. ఈ చిన్న కారణానికి చాకు మొత్తం విప్పుకున్నవాళ్ళు ఉన్నారు. తర్వాత పిడి స్క్రూలన్నీ పావు చుట్టు వదులు చేయండి, పివట్ కూడా. చాకు మూసి, బ్లేడుకి రెండు పక్కలా సమానంగా కాగితం ముక్కలు పెట్టండి. ఇందాకటి లెక్కలో మొత్తం 18 పట్టాయి కాబట్టి అటు 9, ఇటు 9. ఇప్పుడు పిడి స్క్రూలు కారు చక్రం బోల్టులు బిగించినట్టు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. పివట్ చివర. బ్లేడు ఆడకుండా, తెరిచేటప్పుడు బరువు లేకుండా ఉండే చోట ఆపండి. ఆ చోటు స్క్రూ తిప్పడంలో ఎనిమిదో వంతు చుట్టుకి అటూ ఇటూ ఉంటుంది. కాగితాలు తీసి చూడండి. నా చేతికి వచ్చిన వాటిలో చాలావాటికి ఈ పనితోనే నయమైంది, ఎందుకంటే లోపం పివట్‌ది కాదు, పిడి రెండు పలకలూ కొద్దిగా మెలిపడి బిగుసుకుపోవడం.

మీరు పివట్ బిగిస్తే నడుమకి వచ్చింది చూశారూ, అది వైద్యం కాదు. వాషర్లని నలిపి బ్లేడుని నిలబెట్టడం. నాలుగు రోజుల్లో స్క్రూ సడలితే మళ్ళీ మొదటికే. పివట్‌ని పూర్తిగా బిగించినా ఆట బిగుసుకోని చాకులు కూడా ఉన్నాయి. క్రిస్ రీవ్ కంపెనీ చేసే కొన్ని సెబెంజా చాకుల్లో పివట్ చుట్టూ ఒక బుష్, అంటే చిన్న గొట్టం, ఉంటుంది, దాని పొడవుని బ్లేడు, వాషర్ల మందానికి సరిపడేలా అరగదీస్తారు. స్క్రూ ఎంత బిగించినా ఒత్తిడి బుష్ మీద పడుతుంది, బ్లేడు మీద కాదు. ఆ పనితనానికే ఆ ధర. మనం కొనే చాకుల్లో ఆ బుష్ ఉండదు, కాబట్టి స్క్రూని మర్యాదగా చూసుకోవాలి.

కాగితాల చిట్కా పనిచేయకపోతే విప్పడమే. విప్పితే వారంటీ పోయే కంపెనీలున్నాయి, వాపసు గడువు మిగిలి ఉంటే ముందు వారంటీ కాగితం చదవండి. బ్లేడు అంచుకి కరెంటు టేపు చుట్టండి. మామూలుగా పిడి స్క్రూలకి టీ-6, పివట్‌కి టీ-8 టార్క్స్ బిట్, అంటే ఆరు మొనల నక్షత్రం ఆకారపు బిట్, పడుతుంది. అలెన్ కీ దూరింది కదా అని తిప్పకండి, స్క్రూ తల గుండ్రమైపోతుంది. స్క్రూ రాకపోతే దానికి నీలం లాక్‌టైట్, అంటే స్క్రూ సడలకుండా పట్టి ఉంచే జిగురు, పెట్టి ఉంటారు. సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తలకి అర నిమిషం ఆనించండి, మెత్తబడి వస్తుంది.

విప్పాక వాషర్లని అద్దం ముక్క మీద పెట్టి వేలితో అంచులు నొక్కండి. టక్ టక్ మని ఊగితే అది వంగింది. ఇత్తడి రంగులో ఉండేవి ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లు. వాటిని అద్దం మీద 2000 నంబరు నీళ్ళ పేపరు పరిచి, ఒక చుక్క నూనె వేసి, వేలితో ఎనిమిది అంకె ఆకారంలో పదిసార్లు తిప్పితే ఎత్తుగా ఉన్న చోట్లు మెరుస్తాయి. అవి పోయేదాకా చాలు, అంతకుమించి అరగదీయొద్దు. తిరిగి బిగించేటప్పుడు ఎడమ వాషర్ కుడికి, కుడిది ఎడమకి మార్చి చూడండి. వాలు కూడా పక్క మారితే దోషి వాషరే. మారకపోతే పివట్ రంధ్రమో లైనరో వంకర, అది మీ చేతిలో లేదు.

ఇక్కడ నేను చేసిన వెధవపని చెప్పాలి. వాషర్ కూర్చోవడానికి లైనర్‌లో లోతు తక్కువ గుంట ఉంటుంది. నా మొదటి మంచి చాకు విప్పినప్పుడు, రాత్రి ట్యూబ్‌లైటు కింద, వాషర్ ఆ గుంటలో పడిందో లేదో చూసుకోకుండా స్క్రూ బిగించేశాను. కర్ మని చిన్న చప్పుడు వచ్చింది. మళ్ళీ విప్పితే వాషర్ మీద గోటితో నొక్కినట్టు అర్ధచంద్రాకారపు మడత. ముందు 2 కాగితాల వాలు ఉన్న చాకు, నేను బాగుచేశాక 6 కాగితాల వాలుకి వచ్చింది. మూడేళ్ళ పాటు అలాగే వాడాను, కొత్త వాషర్ దొరికేదాకా. బిగించే ముందు వాషర్‌ని వేలితో తిప్పి చూడండి, గుంటలో ఉంటే అక్కడే గిర్రున తిరుగుతుంది, బయటికి జారదు.

నూనె మాట. కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క చాలు. కొబ్బరినూనె, వంటనూనె వద్దు. కొబ్బరినూనె చలికాలం పొద్దున్నే గడ్డకడుతుంది, వంటనూనె కొన్నాళ్ళకి జిగురైపోతుంది.

ఈ వైద్యమంతా స్క్రూలున్న చాకులకే. విక్టోరినాక్స్‌వి, బక్ 110 లాంటివి రివెట్లతో, పిన్నులతో బిగించినవి, వాటి జోలికి పోవద్దు. ఓపినెల్ అనే ఫ్రెంచి చాకు పిడి చెక్కది. వానాకాలంలో, మరీ సముద్రం పక్క ఊళ్ళలో, చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది, ఎండకి మళ్ళీ సడలుతుంది. దాని బ్లేడు నడుమ ఉందా లేదా అని ఎవరైనా అడిగితే ఏ నెలలో అని అడగాలి.

ఇక అంచు. బెవెల్ ఒకవైపు వెడల్పుగా ఉండడానికి రెండు కారణాలున్నాయి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, వైద్యం మాత్రం వేరు. ఒకటి, రెండు వైపులా కోణం వేరు కావడం. రెండు, కోణం ఒకటే అయినా ఒకవైపు లోహం ఎక్కువ తీసేయడం వల్ల పదును గీత బ్లేడు నడుమ నుంచి జరిగిపోవడం. బెవెల్ పైన బ్లేడు మందం 0.5 మిల్లీమీటరు అనుకోండి. పదును నడుమే ఉండి, రెండు పక్కలా 20 డిగ్రీలైతే రెండు బెవెల్‌లూ 0.73 మిల్లీమీటరు వెడల్పు వస్తాయి. ఒకవైపు 15, ఇంకోవైపు 25 డిగ్రీలైతే 0.97, 0.59 వస్తాయి. మొత్తం కోణం మాత్రం అప్పుడూ ఇప్పుడూ 40 డిగ్రీలే. మీరు రెట్టింపు అన్నారు కాబట్టి రెండో కారణం కూడా కలిసి ఉండే అవకాశం ఎక్కువ.

ఏదో తేల్చుకోవడానికి పర్మనెంట్ మార్కర్ చాలు. రెండు బెవెల్‌ల మీదా నల్లగా పూసి, నున్నటి రాయి మీద మీకు అలవాటైన కోణంలో రెండుసార్లు మెల్లగా లాగండి. పదును గీత దగ్గరే రంగు పోతే ఆ వైపు మీ కోణం కన్నా తక్కువ కోణం ఉంది. బెవెల్ పైభాగంలో పోతే ఎక్కువ ఉంది. మొత్తం ఒకేలా పోతే సరిపోయింది. రెండు వైపులా ఒకే కోణంలో పట్టి, రెండు చోట్లా మొత్తం రంగు పోయిందంటే కోణాలు ఒకటే, జరిగింది పదును గీత.

అలా జరిగిన చాకు కోతలో తేడా ఏమీ ఉండదు. కోణాలు బాగా వేరైతేనే కోత ఒక పక్కకి లాగుతుంది. ఉలి తెలుసు కదా, ఒకవైపు చదును, ఇంకోవైపు ఏటవాలు. చెక్కలో దించితే ఏటవాలు ఉన్న వైపు నుంచి చదును వైపుకి జరుగుతుంది. వడ్రంగులు దాన్ని వాడుకుంటారు. జపాన్ వాళ్ళు చేపలు కోసే యానాగిబా అయితే కావాలనే ఒకవైపు గ్రైండ్ చేస్తారు. మడత చాకులో ఆ లాగుడు అట్టపెట్టె నిడివిగా కోసేటప్పుడు తెలుస్తుంది, గీత తిన్నగా రాదు.

సరిచేయాలంటే సన్న బెవెల్ ఉన్న వైపు మాత్రమే రాయి మీద పెట్టాలి. చాలామంది వెడల్పు వైపు ఇంకా అరగదీసి ఇంకా పాడుచేస్తారు. పదును గీత జరిగింది సన్న వైపుకి, కాబట్టి అక్కడి లోహం తీస్తేనే అది నడుమకి వస్తుంది. ఎంత పోతుందో కూడా చూడండి. 20 డిగ్రీల దగ్గర బెవెల్‌లు 1.0, 0.46 ఉంటే, రెండూ 0.73కి రావాలంటే బ్లేడు ఎత్తులో పావు మిల్లీమీటరు పోతుంది. పెద్ద నష్టం కాదు, కానీ ఒక్కరోజులో తీయాల్సిన అవసరమూ లేదు. నేనైతే ఎప్పుడు పదును పెట్టినా సన్న వైపు పదిహేను లాగుళ్ళు ఎక్కువ వేస్తాను. ఏడాది తిరిగేసరికి దానంతటదే సమానమవుతుంది. తొందరపడి రోడ్డు పక్క బెంచ్ గ్రైండర్‌కి ఇచ్చారో, పొడి చక్రం మీద రెండు క్షణాల్లో అంచు నీలం తిరుగుతుంది. మామూలు ఉక్కులో ఆ నీలం అంటే 300 డిగ్రీల దరిదాపు, స్టెయిన్‌లెస్‌లో ఆ రంగు రావాలంటే ఇంకా ఎక్కువ వేడి. ఆ వేడికి అక్కడి గట్టిదనం పోతుంది, తర్వాత ఎంత సాన పట్టినా పదును నిలవదు. నాకు తెలిసినవాళ్ళ చాకు ఒకటి అలాగే పోయింది, మొన దగ్గర రెండు సెంటీమీటర్లు.

క్లాంప్‌లో బిగించి పదును పెట్టే పరికరం వాడుతుంటే ఒక జాగ్రత్త. వీపు నుంచి అంచు దాకా మొత్తం ఏటవాలుగా ఉండే బ్లేడుకి పట్టుకోడానికి సమానమైన ముఖం ఉండదు. 3.5 మిల్లీమీటర్ల వీపు, 30 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న బ్లేడులో ఒక్కో ముఖానికి దాదాపు 3 డిగ్రీల వాలు ఉంటుంది. క్లాంప్ ఒక ముఖానికే ఆనుకుంటే, మీరు 20 అనుకున్నది ఒకవైపు 17, ఇంకోవైపు 23 అవుతుంది. అంటే కంపెనీ చేయని తప్పు మీరే చేసినట్టు. మొన దగ్గర బెవెల్ కాస్త వెడల్పవడం మాత్రం లోపం కాదు. అక్కడ లోహం మందం, అంతే.

ప్రైమరీ గ్రైండే వంకరగా ఉంటే, అంటే బ్లేడు రెండు ముఖాల ఏటవాలు మొదలయ్యే గీతలు పివట్ వైపు చివర ఒకదానికొకటి ఎదురుగా లేకపోతే, అంచు తిన్నగా ఉన్నంతవరకు అది అందానికి సంబంధించినదే. అంచుతో సహా పక్కకి పోయి ఉంటే రాయితో తీరదు, చాకు మార్పించుకోండి.

మీ విషయంలో నేనైతే స్క్రూ ముట్టుకోకముందే కాగితాలు లెక్కపెట్టి, లాక్ పట్టీ పరీక్ష చేసి, వెనక నుంచి అంచు ఫోటో ఒకటి తీస్తాను. రాసుకోవడం, ఆడడం, బ్లేడు వంపు, వీటిలో ఒక్కటున్నా గడువు లోపల వెనక్కి. లేకపోతే ఉంచేసుకుంటాను. ఎటు ఎన్ని కాగితాలు పట్టాయో, వాలింది లాక్ ఉన్న వైపుకా ఎదుటి వైపుకా అన్నది రాస్తే మిగతాది అప్పుడు చూద్దాం.